పన్నెండో పుస్తకం అట్ట

మా బావ అసలు పేరు ఊళ్లో ఎప్పుడో మరుగున పడిపోయింది. అందరికీ ఆయన ‘జిగురాయన’. ఎదురుగా అలా పిలిచినా నొచ్చుకోడు. “జిగురు లేకపోతే పుస్తకం నిలబడుతుందా, సంసారం నిలబడుతుందా?” అంటూ మా అక్క వైపు ఓరగా చూసేవాడు. అక్క చేతిలో గరిటె ఉంటే గరిటె, చీపురు ఉంటే చీపురు ఎత్తేది. నలభై ఐదేళ్ల కాపురంలో ఈ వేళాకోళం మాత్రం వాళ్లకి పాతబడలేదు.

పుస్తకాలు బైండు చెయ్యడం ఆయన పని. ఐదో తరగతితో బడి మానేసి మేనమామ దగ్గర చేరాడు. మొదటి ఏడాదంతా కాగితం మడత పెట్టడమే. రెండో ఏడు చేతికి సూదీ దారం ఇచ్చారట, మూడో ఏడు కత్తి. మేనమామ పెట్టిన కట్టుబాటు ఒకటే: చేతిలో ఉన్నది చదవకూడదు. చదివితే కన్ను ఆగుతుంది, కన్ను ఆగితే చెయ్యి ఆగుతుంది. మా బావ ఆ మాట జీవితమంతా పొల్లుపోకుండా పాటించాడు. ఊరి కాగితాలన్నీ ఆయన చేతుల మీదుగా నడిచాయి గానీ ఒక్క ముక్క బుర్రలోకి వెళ్లలేదు. “ఊరి గుట్టంతా ఒళ్లో పెట్టుకుని ఏమీ తెలియని మహానుభావుడివి నువ్వొక్కడివే బావా!” అని ఏడిపించేవాణ్ణి. నవ్వి దారానికి మైనం పట్టించుకునేవాడు.

నా గురించి కూడా చెప్పాలి. నాకు ముక్కు మీదే కోపం. నోటికి అదుపు లేదు. ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఇందులో నా నోరు చేసిన పాపం కూడా ఉంది. సర్వే ఆఫీసులో ఉద్యోగం చేస్తూనే ఊరి చరిత్ర సొసైటీకి ముప్పై రెండేళ్లు కార్యదర్శిగా ఉన్నాను. సభ్యులం ఏడుగురం. అందులో ఐదుగురికి మోకాళ్ల నొప్పులు.

మా సొసైటీ ఉండేది కాటా ఇంట్లో. పాతకాలపు వ్యాపారి ఒకాయన ఊరికి కట్టించి ఇచ్చిన ఇల్లది. బజారులో కొన్నది సరిగ్గా తూగిందో లేదో అనుమానం వస్తే, ఎవరైనా సరే తీసుకొచ్చి అక్కడి పెద్ద త్రాసులో ఊరికే తూచుకోవచ్చు. త్రాసు ఇప్పటికీ దూలానికి వేలాడుతోంది. గుమ్మం పైన రాతిలో చెక్కిన త్రాసు గుర్తు ఆ వ్యాపారి ముద్ర. ఆ ఇల్లు కూల్చి కార్లు నిలిపే చోటు చేద్దామని పురపాలక సంఘం తీర్మానం పెట్టింది. ఆపాలంటే ఒకటే దారి: ఏ షరతు మీద ఇల్లు ఇస్తున్నాడో రాసి వ్యాపారి ఇచ్చిన ఉత్తరం చూపించాలి. ‘రెండు కాగితాల ఉత్తరం అందినది’ అని పాత తీర్మానాల పుస్తకంలో ఉంది. ఉత్తరం మాత్రం లేదు.

ముప్పై ఏళ్ల కిందట అది పోయినప్పుడు నింద మోసినవాడు పురపాలక ఆఫీసులో అప్పటి రికార్డు గుమాస్తా. “చిరిగిన రిజిస్టరు అట్టలో, గుడ్డకీ అట్టకీ మధ్య భద్రంగా పెట్టాను. నేను సెలవులో ఉండగా పుస్తకాలు బైండుకు పంపేశారు” అని ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. పెద్దలు మా బావని పిలిచి అడిగారు, పాత అట్టల్లో ఏమైనా ఉందా అని. “లేదండి” అన్నాడు మా బావ. అంతే, గుమాస్తా పని అయిపోయింది. ఆరు నెలలు సస్పెండు. తర్వాత తీసుకున్నారు గానీ రికార్డు గదికి కాదు, గేటు పక్కన బల్ల దగ్గరికి. ఇక నేను ఊరుకుంటానా? ప్రతి సభలోనూ “అట్టలో పెట్టాడట, అట్ట మింగేసిందట!” అని జనాన్ని నవ్వించాను. సొసైటీ వేసిన ఊరి చరిత్ర పుస్తకంలో ‘దాత ఉత్తరం నాటి రికార్డు గుమాస్తా చేతుల్లో మాయమైంది’ అని అచ్చు వేయించాను. మూడు ముద్రణల్లోనూ ఆ వాక్యం అలాగే ఉంది.

కూల్చే తీర్మానం మీద విచారణ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి. మా చేతిలో ఉన్న ఆధారమల్లా ఆ తీర్మానాల పుస్తకం. దాని అట్ట ఒక మూల విరిగి వేలాడుతోంది. అధికారి ముందు పెట్టేది కాస్త మర్యాదగా ఉండాలి కదా అని పొద్దున్నే మా బావ గదికి పట్టుకెళ్లాను. రెండేళ్ల నుంచి ఆయన చేతులు వణుకుతున్నాయి. పెద్ద పనులు మానేశాడు. అయినా ఆ ఇరుకు గదిలో ఇనప ప్రెస్సు, కాగితం మడతలు నొక్కే ఎముక బద్ద, సూదుల డబ్బా ఎక్కడివక్కడే ఉంటాయి.

విరిగిన మూలని తడిగుడ్డతో మెత్తబరిచి వేలితో పొర విప్పాడు. విప్పినవాడు అలాగే ఆగిపోయాడు.

“ఒరేయ్, తలుపు వెయ్యి.”

“ఎందుకు బావా? టైము లేదు. త్వరగా కానివ్వు.”

“వెయ్యమన్నానా!”

మా బావ గొంతు పెంచగా అంతకుముందు ఎప్పుడూ వినలేదు. తలుపు వేసి వచ్చి చూశాను. పొరల మధ్య ఊదారంగు సిరాతో గుండ్రటి ముద్ర. ముద్రలో త్రాసు. చదవనివాడైనా రోజూ గుమ్మం మీద చూసే గుర్తు ఆయన కంటపడకుండా ఉంటుందా?

ఆ కాలంలో మంచి అట్ట దొరికేది కాదు. పాత అట్టల్లోంచి ఊడిన కాగితాలన్నీ మా బావ ఒక గంపలో వేసేవాడు. వాటినే ఐదారు పొరలుగా పిండి జిగురుతో అంటించి, బరువు కింద ఆరబెట్టి కొత్త అట్టలు తయారు చేసేవాడు. పాత అట్టలో ఉండేది చెత్తేనని ఆయన లెక్క. గుమాస్తా భద్రంగా దాచిన ఉత్తరం ఆ గంపలో పడి, అక్కణ్ణుంచి అట్టలోకి పోయింది.

మా బావ ఆ కాగితాన్ని పూర్తిగా విప్పి ఆరబెట్టాడు. ఉత్తరం మొదటి కాగితం. నమస్కారాలు, వంశం, ఇంటి కొలతలు. షరతూ సంతకమూ రెండో కాగితంలో ఉండాలి.

“అప్పుడు నన్ను పిలిచి అడిగారు కదరా” అన్నాడు నెమ్మదిగా. “లేదన్నాను.”

“లేదనుకున్నావు, లేదన్నావు. అందులో తప్పేముంది?”

“నేను చూడలేదురా. చూడనివాడు చూడలేదనాలి. ఆయన నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. నా వైపు చూస్తూనే ఉన్నాడు. లేదండి అన్నాను.”

ఆ మూల నొక్కేసి మళ్లీ అంటించేసి ఉంటే నాకు తెలిసేది కాదు, ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పటికీ అదే తలుచుకుంటూ ఉంటాను.

ఆ విడత కట్టిన పుస్తకాలన్నిటి అట్టలూ ఆ ఒక్క గంపలోంచి వచ్చినవే. కాటా ఇంటికి పరుగెత్తి, పురపాలక ఆఫీసు మా సొసైటీకి ఇచ్చేసిన వాటిలో బీరువాలో ఉన్న మిగతా పది పుస్తకాలూ బండిలో వేయించుకొచ్చాను. అక్క పొయ్యి మీద నీళ్లు కాచింది. వేడి నీళ్లలో గుడ్డ తడిపి పిండడం, అట్ట మీద కప్పడం, పిండి జిగురు వదిలేదాకా ఆగడం, పొర వెనక పొర ఊడదియ్యడం. నాకు ఓపిక లేక ఒకసారి లాగబోయాను. బావ నా చేతి మీద ఒక్కటిచ్చాడు.

“లాగితే చిరుగుతుంది. అది వదిలినప్పుడే తియ్యాలి.”

“మూడింటికి విచారణ బావా! అది వదిలేసరికి వాళ్లు ఇల్లు వదిలించేస్తారు!”

“అరిస్తే జిగురు భయపడుతుందా? అవతల నిలబడు.”

పది దాటింది. పదకొండున్నర అయింది. పాత పరీక్ష కాగితాలు, సబ్బు ప్రకటనలు, ఎవరివో సెలవు చీటీలు బయటపడ్డాయి. ఉత్తరం లేదు. తాను కట్టిన పుస్తకాలని మా బావ తన చేత్తోనే ఒలుస్తుంటే అక్క చూడలేక వాకిట్లోకి వెళ్లిపోయింది. ముప్పై ఏళ్లలో ఒక్క కుట్టు వదలని పుస్తకాలవి. ఒంటి గంటకి ఆఖరి అట్ట విప్పాం. అందులోనూ లేదు.

నేను కుర్చీలో కూలబడ్డాను. మా బావ వేళ్లు మడిచి లెక్కపెడుతున్నాడు.

“పన్నెండు కట్టానురా. ఇవి పదకొండే.”

“పన్నెండోది ఎక్కడుంది?”

“నాకేం తెలుసు? ఏ పుస్తకం ఎక్కడికి పోయిందో తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే.”

ఎవరో చెప్పనక్కర్లేదు. ఆ గుమాస్తాయే. “ఆయన దగ్గరికి నేను రాను బావా. నా మొహం చూస్తే తలుపు వేసేస్తాడు.”

అక్క గుమ్మంలోనే ఉంది. “వేస్తే వెయ్యనీ. ఊరంతటి ముందూ నోరు పారేసుకున్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందిరా? నడువు” అంది.

గుమాస్తా ఇల్లు వెనక వీధిలో మేడ మీద. ముప్పై ఏళ్లలో ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. తలుపు తీసింది ఆయనే. వెనక గోడ మీద స్విచ్చులు కనిపించాయి. ఒక్కోదాని కింద గుండ్రటి అక్షరాలతో చిన్న చీటీ: ఫ్యాను, దీపం, వరండా దీపం. రికార్డు గది పోయినా ఆ చెయ్యి ఊరుకోలేదన్నమాట. నన్ను చూసి ఆయన మొహం బిగుసుకుంది. లోపలికి రమ్మనలేదు.

మా బావ మెట్టు మీదే నిలబడి, అరచేతుల్లో పట్టుకున్న కాగితం ముందుకు చాచాడు. చేతులతో పాటు కాగితమూ వణుకుతోంది.

“మీరు అట్టలోనే పెట్టారండి. నేనే చూడకుండా అంటించేశాను. చూడకుండానే లేదన్నాను.”

ఆయన కాగితం ముట్టుకోలేదు. వంగి పైనుంచి కిందిదాకా చదివాడు.

“ఇది మొదటిది. రెండోది ఏది?” అన్నాడు.

చెప్పాం. విన్నాడు.

“పన్నెండోది జననాల రిజిస్టరు. మీ సొసైటీకి ఇవ్వలేదు, వాడుకలో ఉందని ఆఫీసులోనే ఉంచారు. సర్టిఫికెట్ల కిటికీ వెనక బీరువా, కింది అర, ఎడమ చేతి వైపు.” లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కుని వచ్చాడు. “నేనూ వస్తాను. మీ కోసం కాదు.”

రెండుంపావుకి పురపాలక ఆఫీసులో ఉన్నాం. రిజిస్టరు ఆయన చెప్పిన అరలోనే, చెప్పిన వైపే ఉంది. విచారణ జరపాల్సిన అధికారి వయసులో చిన్నది. మాటలో మాత్రం గట్టిది. “వాడుకలో ఉన్న రికార్డు అండి అది. ఎవరు పడితే వాళ్లు వచ్చి ఊడదీస్తామంటే కుదురుతుందా?” అంది. నాకు వెంటనే కోపం నషాళానికి అంటింది. నోరు తెరిచేలోగా మా బావ నన్ను పక్కకి నెట్టాడు.

“అమ్మా, ఆ అట్ట చేసింది నేను. లోపల ఉండకూడనిది పెట్టి అంటించాను. అడిగితే లేదని చెప్పాను. నా మాట నమ్మి ఈయన్ని దొంగని చేశారు. ఈయన దొంగ కాదు. తప్పు నాది.” కిటికీల దగ్గర సర్టిఫికెట్ల కోసం నిలబడ్డవాళ్లంతా ఇటు తిరిగారు. ఆయన గొంతు ఇంకా పెంచాడు, అందరూ వినాలనే. “లోపలి కాగితం ఒక్కటి ముట్టుకోను. అట్ట ఒక్కటే. మీ ముందే విప్పుతాను.”

అధికారి గడియారం చూసింది. “మూడింటికి విచారణ మొదలుపెట్టాలి. అప్పటిదాకా చూడండి. నా బల్ల మీదే. లోపలి కాగితాల మీద ఒక్క చుక్క పడినా బాధ్యత మీదే.”

మా బావ అట్టకీ కాగితాలకీ మధ్య ప్లాస్టిక్ షీటు దూర్చాడు. వేడి నీళ్ల గుడ్డ పరిచాడు. ముందు అట్ట ఐదు పొరలూ ఊడొచ్చాయి. ఏమీ లేదు. రెండు నలభై అయింది. వెనక అట్ట తిప్పాడు. అది వదలడం లేదు. మళ్లీ తడిపాడు. గోటితో గీకి చూసి తల పట్టుకున్నాడు.

“అంచులకి ఎవరో తెల్ల జిగురు పూశారు. ఇది నీళ్లకి లొంగదు. అంచు వెంట్రుకవాసి కొయ్యాలి.”

కత్తి తీశాడు. మొన గాలిలో అటూ ఇటూ ఊగుతోంది. వెంట్రుకవాసి లోపలికి పోతే కాగితం తెగుతుంది, తెగితే సంతకమే తెగొచ్చు. “నేను కొయ్యనా?” అన్నాను. “నువ్వు కోస్తే పీలికలే మిగుల్తాయి” అన్నాడు. నేను గుమాస్తా వైపు చూసి, “మీరు కాస్త పట్టుకోండి” అన్నాను.

ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. “నేను ముట్టుకోను. నా చెయ్యి తగిలితే రేపు నేనే పెట్టానంటారు. అనేవాళ్లు ఇక్కడే ఉన్నారు.”

నా తల కొట్టేసినట్టయింది. నేల చూపులు చూశాను.

మా బావ కత్తిని బల్ల అంచుకి ఆనించి, పిడి మీద రెండు అరచేతులూ వేసి, ఛాతీతో అదిమాడు. వణుకు ఆగింది. “కత్తి కదలదు. పుస్తకాన్ని నువ్వు లాగు. నెమ్మదిగా. జన్మలో ఒక్కసారైనా నెమ్మదిగా ఏదన్నా చెయ్యరా.” పుస్తకాన్ని లాగాను. ఊపిరి బిగబట్టి, చీమ నడిచినంత మెల్లగా లాగాను. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒక అంచు. రెండో అంచు. మూడోది. అధికారి లేచి నిలబడి చూస్తోంది.

కింద పిండి జిగురే ఉంది. గుడ్డ కప్పి అరచెయ్యి పెట్టి నొక్కి ఉంచాడు. మొదటి పొర వచ్చింది. రెండోది, మూడోది. గోడ గడియారం మూడు కొట్టింది. నాలుగో పొర కింద ఊదారంగు ముద్ర. దాని పక్కన సంతకం.

నేను గట్టిగా అరిచాననుకుంటాను. అందరూ అలాగే అంటారు. నాకు గుర్తు లేదు.

“చదవండి” అంది అధికారి మా బావతో. ఆయన తల అడ్డంగా ఊపాడు. “గుమాస్తా గారు చదవాలమ్మా.”

ఆయన దగ్గరికి వచ్చాడు. చేతులు వెనకే ఉన్నాయి. వంగి, పైకే చదివాడు. ‘ఈ ఇల్లు ఊరి జనులది. దీనిని కూల్చినను, ఊరి పనికి గాక వేరొక దానికి వాడినను, స్థలము తిరిగి మా వారసులకు చెందవలెను.’ గొంతు ఎక్కడా తడబడలేదు. సంతకం దాకా వచ్చాక మాత్రం ఆగి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ ఉత్తరం ఉండగా కూల్చే తీర్మానం చెల్లదని అధికారి అక్కడికక్కడే రాయించింది. జనం చప్పట్లు కొట్టారు. మా బావ బల్ల అంచు పట్టుకుని మెల్లగా నేల మీద చతికిలబడ్డాడు.

మర్నాడు పొద్దున కాటా ఇంట్లో మా చరిత్ర పుస్తకం మిగిలిన కాపీలన్నీ దించాం. నూట నలభై ఉన్నాయి. మా బావ రాత్రే తెల్లకాగితం చీటీలు కోసి ఉంచాడు, ఆ వాక్యం మీద అతికించడానికి. జిగురు గిన్నె కూడా తెచ్చాడు. అప్పుడే గుమాస్తా లోపలికి వచ్చాడు. ఆ గుమ్మం ఆయన తొక్కి ముప్పై ఏళ్లయింది. చీటీ చూశాడు, గిన్నె చూశాడు.

“అంటించొద్దండి” అన్నాడు. “మీరు ఒకసారి అంటించింది చాలు.”

గిన్నెలో కుంచె అలాగే ఉండిపోయింది. నా నోరు మూతపడటం ఊళ్లో అదే మొదటిసారని ఎవరైనా అంటే కాదనను. ఆయన జేబులోంచి కలం తీసి బల్ల మీద పెట్టాడు. “ఆ మాట అలాగే ఉండనివ్వండి. కింద రాయండి. ఏది ఎవరు అన్నారో కనబడాలి.”

మా బావ రాశాడు. ‘ఆయన అట్టలోనే పెట్టారు. నేను చూడకుండా లేదన్నాను.’ వంకర టింకర అక్షరాలు. దాని కింద నేను రాశాను. ‘పై మాట అచ్చు వేయించింది నేను. అది అబద్ధం.’ ఇద్దరం కింద సంతకాలు పెట్టాం, నూట నలభై కాపీల్లోనూ. గుమాస్తా బల్లకి అవతల కూర్చుని ప్రతి కాపీ తెరిచి చూసి పక్కన పెట్టాడు. ఒకదానిలో నేను తొందరపడి సంతకం మరిచాను. మాట్లాడకుండా వెనక్కి తోశాడు.

సాయంత్రానికి మా బావ వేళ్లు కలం పట్టుకోలేకపోయాయి. అయినా తన మాట ఆఖరిదాకా ఆయనే రాశాడు, అది నన్ను రాయనివ్వలేదు. గుమాస్తా లేచి ఒక కాపీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ రెండు రోజుల్లో ఆయన ముట్టుకున్నవి మా చేతి రాతతో ఉన్న ఆ పుస్తకాలే.

“ఇది ఇంటికి తీసుకెళ్తాను” అన్నాడు. “మా ఆవిడ ఉంటే చూపించేవాణ్ణి. పోయేముందు కూడా అడిగిందండి, నిజంగా అట్టలోనే పెట్టారా అని.”

పుస్తకం చంకలో పెట్టుకుని ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. మా బావ జిగురు గిన్నె తీసుకుని పెరట్లోకి నడిచాడు. అందులో ఉన్నదంతా పారబోసి, గిన్నె కడిగి బోర్లించాడు.